వగైరాలో భీమమ్మ

వగైరా అనే మాట వింటే నాకు ఇప్పటికీ రోత. మాటలో తప్పేమీ లేదని నాకూ తెలుసు. తతిమ్మావి కూడా అని దాని అర్థం. పెళ్ళి సామానుకు బజారుకెళ్ళినవాడు బియ్యం, పప్పు, బెల్లం వగైరా అంటాడు. ఉప్పూ చింతపండూ ఆ వగైరాలో సర్దుకుంటాయి. నా పేరెందుకు చెప్పలేదని ఉప్పు వచ్చి అడగదు. కానీ మనుషుల పేర్ల వెనక ఆ మాట తగిలించారంటే సంగతి వేరు. ఎవరి పేరు పైకి చదవాలో, ఎవరిని దాని కింద తోసెయ్యాలో ఒకడు కూర్చుని తేలుస్తాడు. ఆ తేల్చేవాడి పేరు మాత్రం ఏనాడూ వగైరాలో పడదు.

తాండూరు స్టేషను దగ్గర నాకు చాయ్ హోటలుండేది. నా పేరు శివయ్య. నిజాం రాజ్యం పోయింది, కచేరీల్లో ఉర్దూ ఇంకా పోలేదు, ఆ రోజుల మాట ఇది. కౌలు భూముల తగాదాలు తేల్చడానికని ఆ ఏడు సర్కారు నా హోటలుకు ఎదురుగా ఒక అద్దె ఇంట్లో కొత్త కచేరీ పెట్టింది. ఏళ్ళ తరబడి దున్నుతున్న కౌలుదారు పేరనే భూమి చెయ్యాలని చట్టం వచ్చిందట. చట్టం బంగారంలాంటిదే. దాన్ని నడపవలసిన అధికారి, హాకిం గారికి మాత్రం కాపురం వికారాబాదులో. పొద్దుటి రైలుబండిలో దిగేవాడు, మధ్యాహ్నం బండి అందుకునేవాడు. ఆ రెండు బండ్ల నడుమనే మా ప్రాంతపు న్యాయమంతా ఉడకాలి. ఉడికినా సరే, ఉడక్కపోయినా సరే, బండి కూత వినబడగానే దించెయ్యాలి.

ఆ కచేరీకి చప్రాసి ముర్తుజా. పిలుపు అతని పని. ఒక కేసు విచారణకు రాగానే వరండాలోకి వచ్చి, కుడి చెయ్యి చెవికి ఆనించి, కక్షిదారుల పేర్లు మూడుసార్లు పిలవాలి. మూడో పిలుపు లోపల పలికినవాడు హాజరైనట్టు. పలకనివాడు రానట్టు, వాడి మాట ఇక ఎవరూ వినరు. ఎంత గొంతు అది! నాపరాళ్ళు నిలువుగా పాతిన ఆ ప్రహరీ దాటి, రోడ్డు దాటి, నా హోటల్లో గ్లాసులు కడిగే చోటికి కూడా ప్రతి పేరూ విడివిడిగా వినిపించేది. మొదట్లో పేరు, తండ్రి పేరు, ఊరు, అన్నీ పిలిచేవాడు. తన పేరు అంత గట్టిగా, అంత మర్యాదగా ఎవరైనా పలకడం మా పల్లెటూరి వాళ్ళలో చాలామంది అక్కడే మొదటిసారి విన్నారు. ఒకాయనైతే పిలుపు విని లేచి, తలగుడ్డ సర్దుకుని, పెళ్ళికొడుకులా నడిచి వెళ్ళాడు.

ఆ ముచ్చట నెల తిరగకుండానే ముగిసింది. ఒకరోజు బండి తప్పినంత పనై హాకిం ముర్తుజాను కేకలేశాడు. "పేర్ల దండకం ఎందుకు చదువుతావ్? మొదటి పేరు పిలువు, వగైరా అను. చాలు" అన్నాడు. అప్పటినుంచి పది మంది ఉన్న కేసయినా ఒకటే పేరు, ఒకటే వగైరా. ముర్తుజా నా దగ్గర చాయ్ తాగుతూ, "ఏం జేస్త శివయ్యా, హుకుం. నా గొంతు సగం చచ్చిపోయింది" అనేవాడు. గొంతు సంగతి సరే, చెవులొగ్గి కూర్చున్న వాళ్ళ సంగతి ఎవరికీ తట్టలేదు.

భీమమ్మ మొదటిసారి వచ్చింది ఉగాది వెళ్ళిన వారానికి. ధారూర్ పక్కన గుట్టకిందిపల్లె ఆమెది. ధారూర్ స్టేషన్లో బండెక్కి, తన బావ పాండురంగంతో దిగింది. బావంటే పెనిమిటికి అన్న. అన్నదమ్ములిద్దరూ కలిసి మహేందర్ పటేలు దగ్గర నాలుగెకరాల నల్లరేగడి కౌలుకు దున్నారు, చెరి రెండెకరాలు. తమ్ముడు బాలప్ప జ్వరం వచ్చి చచ్చిపోయాడు. అతని రెండెకరాల్లో భీమమ్మే కందీ జొన్నా వేసుకుని, ఒక ఆడపిల్లను సాకుతోంది. ఇప్పుడు చట్టం ప్రకారం నాలుగెకరాలూ దున్నేవాళ్ళకు పట్టా కావాలి. పటేలు కాదంటున్నాడు. ఆ రెండెకరాలు దక్కితే తల్లీబిడ్డలకు గంజి ఉంటుంది, లేకపోతే లేదు. ఇదీ కేసు.

ఇదంతా ఆమే చెప్పింది, మంచినీళ్ళు అడగడానికి వచ్చి. ఆమె మాట్లాడుతుండగానే పాండురంగం అందుకున్నాడు. మనిషి తెల్లటి ధోవతి, నున్నటి మాట.

"చూడు భీమమ్మా, నీ పేరు పిలిస్తెనే లోపటికి రావాలె. పిలువకముందే ఉరికొస్తే సాబు జుర్మానా ఏస్తడు. కేసు గూడ ఖరాబైతది. గీడనే కూసో."

"పిలుస్తరు గద బావా?"

"పిలువకుంట ఎట్లుంటరు? నీ పేరు గూడ కాయితంల ఉన్నది."

ఆమె నా హోటలు పంచన, కచేరీ గేటుకు ఎదురుగా కూర్చుంది. జొన్నరొట్టె మూట ఒళ్ళో పెట్టుకుంది, విప్పలేదు. తింటుంటే పిలుపు వినబడదేమోనని భయమట. కాసేపటికి మహేందర్ పటేలు జీపు దిగాడు. దిగీదిగగానే పాండురంగం భుజం మీద చెయ్యి వేసి లోపలి బల్ల దగ్గరికి తీసుకుపోయి మిర్చీలూ చాయ్ చెప్పాడు. కేసులో ఎదురెదురు పక్షాల వాళ్ళు ఒకే బల్ల మీద మిర్చీలు తినడం నేను అంతకుముందూ చూశాను. అలా తిన్న మిర్చీల్లో ఎవడో ఒకడి భూమి ఉంటుంది. చూసిన ప్రతిసారీ గ్లాసులు విసిరికొట్టాలనిపించేది. కొట్టలేదు, హోటలు నడవాలిగా.

పంచదార బస్తా దించుకోవడానికి నేను స్టేషనుకు వెళ్ళి వచ్చేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. భీమమ్మ అక్కడే, కదలకుండా కూర్చుని ఉంది. రొట్టె మూట అలాగే ఉంది.

"ఇంక గాలేదా?" అని అడిగాను.

"మా బావను పిలిచిండ్రన్నా. ఆయన వోయిండు. నన్నింక పిలువలే."

"ఏమని పిలిచిండ్రు?"

"పాండురంగం అన్నరు. ఎన్కకు ఇంకేందో అన్నరు, తురక మాట. మూడుసార్లన్నరు."

ఆ తురక మాట ఏదో నాకు తెలుసు. అప్పుడే పాండురంగం గేటు దాటి బయటికొచ్చాడు. ఆమె లేచి, "బావా, నన్ను పిలువలే" అంది. వాడు నేల చూపులు చూశాడు. "అయిపోయింది తీయ్. రాజీ అయింది. నా రెండెకరాలు నాకు పట్టా జేస్తరంట. కడమ రెండు పటేలుకు ఇడిసిపెట్టినం. మొగదిక్కు లేని ఇల్లు, నువ్వేం దున్నుతవ్? నేనే సాదుతలే నిన్ను" అన్నాడు.

ఇడిసిపెట్టినం అన్నాడు చూడండి! తన రెండెకరాల దగ్గర నాకు అన్నవాడు, ఆమె రెండెకరాలు వదిలేటప్పుడు మనం అన్నాడు! ఛీ, ఆ నోట్లో పురుగులు పడ. తమ్ముడి పెళ్ళాం చెమటోడ్చి దున్నిన నేలను ఎదుటివాడికి ధారపోసి, తన పాలు తాను దక్కించుకుని, పైగా సాకుతాడట.

భీమమ్మ ఏడవలేదు. నా వైపు తిరిగి, "అన్నా, సాబుకు నేనొచ్చిన అని చెప్పాలె. పొద్దట్నించి గీడనే ఉన్న గద" అంది.

హాకిం అప్పటికే మెట్లు దిగుతున్నాడు. చేతిలో గొడుగు, వెనకాల సంచీ పట్టుకుని ముర్తుజా. నేను అడ్డం పోయి దండం పెట్టాను. ఆమె నా పక్కన నిలబడి కొంగు తల మీదికి లాక్కుంది.

"సాబ్, నన్ను పిలువలే" అంది.

హాకిం ముర్తుజా వైపు చూశాడు. "పిలిచిన సాబ్. పాండురంగం వగైరా అని మూడుసార్లు పిలిచిన" అన్నాడు ముర్తుజా. ఆ మాట అంటుంటే అతని గొంతు ఎప్పటికంటే చిన్నగా ఉంది.

"విన్నావా అమ్మా? పిలిచారు. వగైరా అంటే నువ్వే కదా. నువ్వు, ఇంకా ఎవరెవరుంటే వాళ్ళు" అన్నాడు హాకిం.

"నా పేరు భీమమ్మ సాబ్."

"తెలుసమ్మా. అది అందులో వస్తుంది."

"ఎందుల?"

హాకిం గడియారం చూసుకున్నాడు. చెడ్డవాడు కాదు, అదే బాధ. చెడ్డవాడైతే తిట్టుకుని ఊరుకునేవాళ్ళం. ఎవరి దగ్గరా పైసా పుచ్చుకోడు, నా హోటల్లో చాయ్‌కి కూడా డబ్బులిచ్చి తాగేవాడు. తన బండి ఒక్కటి తప్పకుండా ఉంటే లోకమంతా సవ్యంగా ఉన్నట్టే ఆయనకు. "రాజీ కాగితం మీద నేను ఇంకా సంతకం పెట్టలేదు. నీకు ఉజర్, అభ్యంతరం ఏదన్నా ఉంటే వచ్చే వాయిదాకు వచ్చి చెప్పుకో. ఈసారి వగైరా అని వినబడగానే లోపలికి రా" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. "సాబ్, గా ఒక్క పేరు పిలిపిస్తే పోదా?" అన్నాను.

"ఒక్కో కేసులో పదిమంది ఉంటారు శివయ్యా. అందరినీ పేరుపేరునా పిలుస్తుంటే నా బండి ఎవరు ఆపుతారు?"

గొడుగు విప్పుకుని స్టేషను దారి పట్టాడు. తప్పు దిద్దడానికి ఆయనకు ఒక్క నిమిషం చాలు. ఆ నిమిషం ఖర్చు పెట్టకుండా, తప్పును ఎలా పట్టుకుని వేలాడాలో ఆ ఆడమనిషికి నేర్పి పోయాడు. పిలిచేవాడు మారడట, వినేవాళ్ళే మారాలట!

భీమమ్మ రొట్టె మూట విప్పి, పటేలు కూర్చున్న బల్లకు దూరంగా కూర్చుని, కారంతో తిన్నది. తింటూ తింటూ ఆ మాటను నాలుగైదు సార్లు లోలోపల పలుక్కుంది. వగైరా, వగైరా. కొత్త దేవుడి పేరు నేర్చుకుంటున్నట్టు పలికింది. నేను మొహం తిప్పుకున్నాను.

రెండో వాయిదా మిరుగం కార్తె ముందర పడింది. వానలు దగ్గరపడ్డాయి. ఆనాడు తేలకపోతే పటేలు నాగళ్ళు ఆ రెండెకరాల్లోకి దిగుతాయని, ఒకసారి విత్తు వాడిది పడిందంటే ఇక భూమి రాదని ఆమెకు తెలుసు. ఈసారి ఒక్కతే వచ్చింది. పిల్లను పొరుగింట్లో వదిలి వచ్చానంది. నా పంచన కూర్చోలేదు. తిన్నగా కచేరీ వరండా మెట్ల మీదికి వెళ్ళి నిలబడింది.

మొదటి కేసు వచ్చింది. ముర్తుజా చెవికి చెయ్యి ఆనించాడు. "ఖుద్దూస్ వగైరా హాజిర్ హో!"

భీమమ్మ గబగబా లోపలికి నడిచింది. ఆ వెనకనే లోపల నవ్వులు. "నీ కేసు కాదమ్మా" అని ఎవరో అన్నారు. బయటికొచ్చింది. మళ్ళీ కాసేపటికి, "రాజేందర్ వగైరా హాజిర్ హో!" మళ్ళీ నడిచింది. ఈసారి నవ్వులు రోడ్డు దాకా వచ్చాయి. ఒక వకీలు, "సాబ్, అన్ని కేసులూ ఈమె పేరనే తేల్చేయండి, తొందరగా బండెక్కొచ్చు" అన్నాడు. దానికి హాకిం కూడా నవ్వాడట. ఆ వకీలు కాస్సేపటికి నా హోటలుకొచ్చి, ఆ హాస్యం తానే ఆడానని చెప్పుకుని మిర్చీలు అడిగాడు. అయిపోయాయని చెప్పాను. బాణలిలో తేలుతున్నవి వాడికి కనబడుతూనే ఉన్నాయి.

నేను గేటు దాకా పోయి ఆమెను కేకేశాను. "ఏంది భీమమ్మా గిది? నీ బావ పేరు పిలిస్తె గద నువ్వు వోవాలె?"

"సాబే చెప్పిండు గదన్నా, వగైరా అంటె నేనే అని."

"అది నీ కేసుల."

"ఏ వగైరాల నేనున్ననో నాకెట్ల ఎర్కైతది? మా బావ పేరు ఎన్కకు వెట్టి ఇంకెవల పేరో ముందు జేసిండ్రనుకో? ఒక్కటి తప్పిందంటె నా భూమి వోతది. నవ్వితె నవ్వనీ."

ఆమె అన్నదాంట్లో పిచ్చి ఎక్కడుంది? నవ్విన వాళ్ళలో ఒక్కడికైనా జవాబుందా? మూడోసారి ఎవరి పేరో పిలిచారు, ఆమె మళ్ళీ లోపలికి నడిచింది. ఈసారి హాకిం నవ్వలేదు. "ఈమెను బయట పెట్టండి. పని సాగనివ్వడం లేదు" అన్నాడు. ముర్తుజా ఆమెను చెయ్యి పట్టుకోకుండానే, "నడువు అక్కా, జర బయట నిలవడు, నీ కేసు ఆఖర్న ఉన్నది" అంటూ గేటు దాకా తెచ్చి, బయటికి పంపి, లోపలినుంచి గొళ్ళెం వేశాడు.

ఆమె గేటు కమ్మీలు పట్టుకుని నిలబడింది. కేసులు ఒకటొకటిగా అయ్యాయి. ఎండ పెరిగింది. ఆ పూట మార్కెట్టు రోజు. కందుల బండ్లూ, నాపరాళ్ళు వేసుకున్న బండ్లూ ఒకదాని వెనక ఒకటి రోడ్డు పట్టాయి. చక్రాల ఇనుప పట్టాల చప్పుడుకు చెవులు గింగురుమంటున్నాయి. ఆ రొదలోనే పిలుపు వచ్చింది.

"పాండురంగం వగైరా హాజిర్ హో!"

వరండాలో ఒక పక్కగా పటేలుతో నిలబడి ఉన్న పాండురంగం లోపలికి తప్పుకున్నాడు. భీమమ్మ గేటు ఊపింది. "నాదే! గిది నాదే! గొల్లెం తీయుండ్రి!" అంది. బండ్ల చప్పుడులో ఆమె మాట ఆమెకే వినబడి ఉండదు. నేను కూడా ఉరికి వచ్చి గేటు బాదాను. ముర్తుజా మెడ తిప్పి చూశాడు, కానీ పిలుపు నడుమ ఆపకూడదని వాళ్ళ కట్టడి. రెండోసారి పిలిచాడు.

అప్పుడు భీమమ్మ గేటు వదిలేసింది. వెనక్కి నడిచి రోడ్డు నడిమధ్యన నిలబడింది. ఎదురుగా వస్తున్న బండివాడు తిట్టి ఎద్దులను ఆపుకున్నాడు. ఆమె కొంగు నడుముకు దోపింది. కుడి చెయ్యి చెవికి ఆనించింది, అచ్చంగా ముర్తుజా లాగే.

"భీమమ్మా! గుట్టకిందిపల్లె బాలప్ప పెండ్లామా! హాజిర్ హో!"

పొలంలో ఆ గట్టు నుంచి ఈ గట్టుకు కేకేసే గొంతు అది. ఆగిన బండి వెనక అన్ని బండ్లూ ఆగిపోయాయి. ఆమె ఊపిరి తీసుకుని రెండోసారి పిలిచింది. హోటల్లో వాళ్ళంతా లేచి బయటికొచ్చారు. మూడోసారి పిలిచింది. పిలిచి, చెవి మీది చెయ్యి తీసి, ఆ చెయ్యే పైకెత్తి తనకు తానే జవాబిచ్చుకుంది.

"ఒచ్చిన సాబ్! ఈన్నే ఉన్న!"

ఈసారి ఎవరూ నవ్వలేదు. ముర్తుజా మూడో పిలుపు పిలవకుండానే మెట్లు దిగి వచ్చి గొళ్ళెం తీశాడు. ఆమెను ముందు నడిపించి, తాను వెనక నడిచి, హాకిం ముందు నిలబడి, "మూడో పిలుపు లోపల జవాబొచ్చింది సాబ్. భీమమ్మ హాజర్" అన్నాడు. అన్నాక నౌకరీ ఏమవుతుందోనని భయపడ్డాడట. ఆ తర్వాత నాతో చెప్పాడు.

నేను కిటికీ దగ్గర నిలబడ్డాను. నన్ను పొమ్మనడానికి కూడా ఎవరికీ తీరిక లేదు. హాకిం మొహం ఎర్రబడింది, కానీ కట్టడి తెలిసినవాడు. పలికినవాళ్ళ మాట వినక తప్పదు. "చెప్పు" అన్నాడు. ఆమె చెప్పింది. బాలప్ప పోయిన ఏడు కంది వేశానంది. మరుసటి ఏడు జొన్న వేశానంది. పక్క చేను రైతుల పేర్లు చెప్పి పిలిపించి అడగమంది. హాకిం పాండురంగాన్ని, "ఈమె దున్నుతోందా లేదా?" అని అడిగాడు. నున్నటి మాటల పాండురంగం నీళ్ళు నమిలాడు. "దున్నుతది గాని సాబ్, ఆడిది..." అన్నాడు. పటేలు గోడ మీది పటాలు చూస్తూ నిలబడ్డాడు. ఇలాంటి చోట వాళ్ళకు గోడలే నచ్చుతాయి.

"ఆమె ఒప్పుకోని రాజీ ఆమె భూమికి చెల్లదు. నాలుగెకరాలూ కౌలుదార్లకే పట్టా. రాయి" అన్నాడు హాకిం, కాగితాలు రాసే పేష్కారుతో. అనేసి గడియారం చూసుకున్నాడు.

కిటికీ చువ్వలు పట్టుకుని నేను గట్టిగా ఊపిరి వదిలాను. అయిపోయింది, గెలిచింది అనుకున్నాను. పేష్కారు గీకినంతసేపు గీకి, కట్టడి ప్రకారం పైకి చదివాడు. అంతా ఉర్దూ. ఆ చదువులో నాలుగెకరాలు వినబడింది, గుట్టకిందిపల్లె వినబడింది. ఆ తర్వాత, "పాండురంగం వగైరా" అని వినబడింది. పేష్కారు సిరా డబ్బీ ముందుకు తోసి, వేలిముద్ర వెయ్యమని సైగ చేశాడు.

భీమమ్మ వేలు ముంచలేదు. అరచెయ్యి తెచ్చి ఆ కాగితం మీద పరిచింది.

"నా పేరేది?" అంది.

"అందులోనే ఉందమ్మా. వగైరా అని రాశాం" అన్నాడు పేష్కారు.

"గీ వగైరాలకెల్లే గద మా బావ నా భూమి దీస్కపొయ్యి పటేలుకిచ్చింది? మల్ల గండ్లనే వెడ్తరా?"

"అలాగే రాస్తారమ్మా. అందరికీ అలాగే రాస్తాం. చెయ్యి తియ్యి."

"రాస్తే తీస్త."

హాకిం కుర్చీలోంచి సగం లేచాడు. "చూడమ్మా, భూమి నీకు వచ్చింది కదా. ఇంకేం కావాలి?" అన్నాడు. ఆయనకు నిజంగానే అర్థం కాలేదు. అంత చదువుకున్న మనిషికి, అంత నిజాయితీపరుడికి, ఒక ఆడమనిషి తన పేరు ఎందుకు అడుగుతోందో తట్టకపోవడం చూసి నాకు కోపం కూడా రాలేదు. ఏవగింపు వచ్చింది. పేష్కారు, "ఒక పేరు చేర్చాలంటే కాగితమంతా తిరగరాయాలి సాబ్. నకళ్ళు కూడా మళ్ళీ రాయాలి" అని గొణిగాడు. అంతలో స్టేషను వైపు నుంచి బండి కూత వినిపించింది.

హాకిం గొడుగు అందుకున్నాడు. సంతకం పెడితేగాని కదలడానికి లేదు, సంతకం పెట్టవలసిన చోట ఆమె చెయ్యి ఉంది. పొలం పనికి కాయలు కాసిన, గోళ్ళలో నల్లరేగడి ఇంకిన చెయ్యి. "చప్రాసీ!" అని అరిచాడు. ముర్తుజా వచ్చాడు. ఆ చేతి వైపు చూశాడు, హాకిం వైపు చూశాడు. "ఆడమనిషి సాబ్, ఎట్ల ముట్టుకోవాలె?" అని చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

బండి వచ్చింది. ఆగింది. మళ్ళీ కూసింది. పెట్టెలు ఒకటొకటే కదిలిన చప్పుడు, ఆ తర్వాత దూరమవుతున్న చప్పుడు కచేరీలో అందరికీ వినబడింది. హాకిం గొడుగు గోడకు ఆనించి, కుర్చీలో కూలబడ్డాడు. సాయంత్రం బండి దాకా ఆయనకు ఇక ఏ పనీ లేదు.

"రాయవయ్యా, తిరగరాయి" అన్నాడు పేష్కారుతో.

పేష్కారు కొత్త కాగితం తీశాడు. చాలాసేపు రాశాడు. పాండురంగం పేరు రాశాడు. కలం ఆపి, "పేరు?" అన్నాడు విసుగ్గా.

"భీమమ్మ. బాలప్ప పెండ్లాం. గుట్టకిందిపల్లె."

రాశాడు. చదివాడు. ఈసారి ఆమె పేరు వినబడింది. సిరా డబ్బీ ముందుకు తోశాడు. ఆమె పాత కాగితం మీది చెయ్యి తీసి, కొత్త కాగితం మీద పెట్టింది.

"ఇంకొక పేరున్నది" అంది.

"ఇంకెవరు?"

"దేవమ్మ. నా బిడ్డ."

హాకిం తల పట్టుకున్నాడు. "చిన్నపిల్ల పేరు అక్కర్లేదమ్మా. నీ పేరులోనే వస్తుంది" అన్నాడు.

"నా పేర్ల అదెట్లొస్తది సాబ్? దాని పేరు దానికున్నది."

చెయ్యి మాత్రం తీయలేదు. హాకిం కాసేపు ఆ చెయ్యి వంకే చూశాడు. తర్వాత పేష్కారుకు సైగ చేశాడు. పేష్కారు ఇంకో కొత్త కాగితం తీసుకున్నాడు.